మావయ్య ముందుపళ్ళు

ఊళ్ళో ఏ సభ జరిగినా ముందు కుర్చీలు వచ్చేవి, తర్వాత మైకు వచ్చేది, ఆ మైకు వెనకాలే మావయ్య వచ్చేవాడు. వక్తలూ సన్మానాలూ ప్రారంభోత్సవాలూ అన్నీ తన వ్యాఖ్యానం మధ్యలో తను ఊపిరి తీసుకోవడానికి పెట్టిన విరామాలని ఆయన నమ్మకం. ఊరంతా ఆయన్ను మైకుగారు అనేది. ఇంట్లోవాళ్ళకు మైకు మావయ్య. అది ముద్దుపేరేమీ కాదు. మైకు లేకపోయినా ఆయన గొంతు అంతే ఉండేది.

ఏ సభనైనా ఆయన ఒకే వాక్యంతో మొదలుపెట్టేవాడు. "సుందర సుమధుర సాయంసంధ్యా సమయాన, ఈ సభను సుసంపన్నం చేయ విచ్చేసిన సహృదయ సోదర సోదరీమణులకు స్వాగతం, సుస్వాగతం!" సభ పొద్దున పదింటికైనా ఆ సాయంసంధ్య తప్పేది కాదు. ఒకసారి ఎవరో ఆ మాటే అడిగితే, "సంధ్య అనేది గడియారంలో ఉండదయ్యా, గొంతులో ఉంటుంది" అన్నాడట. అడిగినవాడు మళ్ళీ ఏ సభకూ రాలేదు.

ఆయన అక్క కూతురు పళ్ళ డాక్టరు. ఆ చదువులో చేరిన రోజే మావయ్య నలుగురిలో నవ్వాడు. "పళ్ళకి కూడా డాక్టరేమిటే? ఉంటే తోముకోవడం, నొప్పొస్తే పీకెయ్యడం. మధ్యలో చదవడానికి ఏముంది?" అన్నాడు. తర్వాత ఆమె చెప్పుల షాపు పైన రెండు గదులు తీసుకుని క్లినిక్ తెరిస్తే, పిలవకుండానే వచ్చి ప్రారంభోపన్యాసం ఇచ్చాడు. ఆమె మొట్టమొదటి పేషెంటు వాచిన చెంప పట్టుకుని మెట్ల మీద నిలబడి ఆ ఉపన్యాసం చాలాసేపు విన్నాడు. చివరికి అది తేలేది కాదని అర్థమై, పక్కవీధిలో ఇంకో డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరమ్మ ఆ సంగతి మర్చిపోలేదు.

ఇలా ఉండగా ఒక సభ బ్యానర్ మీద మావయ్య తన ఫొటో చూసుకుని ఉలిక్కిపడ్డాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు కానీ పైపళ్ళు లేవు. అంటే ఉన్నాయి, కానీ అరిగి అరిగి పై పెదవి వెనక దాక్కున్నాయి. పెదవి కింద ఒట్టి చీకటి. నిద్రలో ఆయన పళ్ళు కొరుకుతాడని, పిండిమర పక్కన పడుకున్నట్టుందని అత్తయ్య ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. "కొరకడం కాదే, ఆలోచన. కొన్ని బుర్రలు నిద్రలో కూడా పనిచేస్తాయి" అనేవాడాయన.

మేనకోడలి దగ్గరికి వెళ్ళమని అక్క చెప్పింది. "ఇంటి పిల్ల చేతిలో నోరు పెడితే ఊళ్ళో ఏం విలువుంటుందక్కా?" అని ఆయన తిన్నగా అద్దాల క్లినిక్కుకు వెళ్ళాడు. పెద్ద వీధి మలుపులో ఉంటుందది. తలుపులు అద్దాలు, గోడలు అద్దాలు. లోపల కాఫీ మిషను, ఆ పక్కన డాక్టరుగారి నిలువెత్తు ఫొటో. పేషెంట్ల పళ్ళ ఫొటోలు ఆ చుట్టూ తపాలాబిళ్ళల్లా ఉంటాయి. డాక్టరమ్మ ఆయన్ను అద్దాల డాక్టరు అనేది, అదీ పెదవి విరుస్తూ.

అరిగిన పన్నుకు అంచు కట్టడానికి ఫ్లోయబుల్ కాంపోజిట్ అని ఒక రెజిన్ ఉంది. సిరంజిలోంచి తేనెలా జారుతుంది, నీలి లైటు చూపిస్తే గట్టిపడుతుంది. మంచి సరుకే. కానీ జారే సరుకు కాబట్టి ఎంత పొయ్యాలో, ఎక్కడ ఆపాలో చెయ్యి చెప్పాలి. అద్దాల డాక్టరు మావయ్య ముందుపళ్ళ మీద అది పిండి, ముల్లులాంటి పరికరంతో అటూ ఇటూ లాగి, లైటు చూపించి, అద్దం చేతికిచ్చేశాడు. ఇచ్చిన కాఫీ ఇంకా చల్లారలేదు. పళ్ళు కలిపి చూపించమనలేదు. ఒక్క మాట మాట్లాడి చూపించమనలేదు. ఫొటో మాత్రం తీసుకున్నాడు.

మావయ్య ఆ పళ్ళతో నేరుగా అక్క ఇంటికి వచ్చాడు. డాక్టరమ్మ భోజనం చేస్తోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి చేతులు చాచి, "సుందర సుమధుర సాయంసంధ్యా..." అని ఎత్తుకున్నాడు.

ప్రతి 'స' దగ్గరా సన్నటి ఈల వచ్చింది.

"కుక్కర్ ఎవరు పెట్టారే?" అంటూ డాక్టరమ్మ తల్లి వంటింటి వైపు నడిచింది.

డాక్టరమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ఆ పళ్ళు పొడుగ్గా, మందంగా, స్నానాలగది పలకల్లా తెల్లగా ఉన్నాయి. "మావయ్యా, ఇవి మీవేనా, ఎవరివైనా అడిగి తెచ్చుకున్నారా?" అంది.

"చూశావా అక్కా, కుళ్ళు!"

"కుళ్ళు కాదు మావయ్యా. కింది పళ్ళు వచ్చి వీటికి కొట్టుకుంటున్నాయి. అంచు నిలవదు, ఊడిపోతుంది. వెనకంతా దిమ్మలా ఉంది, నాలుక్కి చోటు లేదు. ఆ ఈల అందుకే."

"ఈలేమిటి?" అన్నాడు మావయ్య. ఆయనకు నిజంగానే వినపడలేదు. తన గొంతులో లోపం వినడం ఆయనకు అంతవరకు అవసరం పడలేదు.

ఆ తర్వాతి సభ ఊళ్ళో పెద్ద ఇనుము వ్యాపారికి సన్మానం. హాలు నిండింది. మావయ్య మైకు పట్టుకుని తన వాక్యం ఎత్తుకోగానే స్పీకర్లలోంచి ఈల హాలు నలుమూలలా తిరిగింది. మొదట అందరూ మైకు చెడిందనుకున్నారు. మైకువాడు పరిగెత్తుకొచ్చి వైర్లు పీకి పెట్టాడు. రెండోసారి కూడా అంతే. వెనక వరసల్లో కుర్రాళ్ళకు సంగతి అర్థమైంది. ఆయన "సహృదయ" అంటే వాళ్ళు ఒక ఈల వేశారు. "సోదర సోదరీ" అంటే రెండు వేశారు. మావయ్య దాన్ని అభిమానం అనుకుని గొంతు ఇంకా పెంచాడు. "సాహసమే శ్వాసగా, సమాజమే..." అంటుండగా ముందుపన్ను అంచు ఊడి మైకుకు తగిలింది. టక్కుమని ఆ చప్పుడు కూడా హాలంతా వినపడింది. వేదిక మీద కూర్చున్న ఇనుము వ్యాపారి తన కాఫీ కప్పులోకి అనుమానంగా తొంగిచూశాడు.

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ నవ్వు మధ్యలో తొలిసారి మావయ్యకు తన ఈల వినపడింది.

మర్నాడు అద్దాల డాక్టరు ఆ పన్ను చూసి, "మీరు ఎక్కువ మాట్లాడుతున్నట్టున్నారు సార్. కొన్నాళ్ళు తగ్గించండి" అన్నాడు. ఆ సలహా విని మావయ్య జ్వరం వచ్చినట్టు ఇంటికొచ్చి పడుకున్నాడు. రెండు సభలకు రానని కబురు పెట్టాడు. ఆ రెండు సభలూ తొందరగా ముగిశాయని, జనం సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారని ఎవరో ఆయన చెవిన వేశారు. దాంతో జ్వరం నిజంగానే వచ్చింది.

డాక్టరమ్మ క్లినిక్కుకు మొదట అత్తయ్య వచ్చింది. మెత్తటి మనిషి, కుర్చీ అంచున కూర్చునే రకం. "అమ్మాయ్, ఆయన రమ్మంటే రారు. నువ్వే రమ్మన్నావని చెప్పనా?" అంది.

"నేనెందుకు రమ్మంటాను అత్తయ్యా? పీకెయ్యడమేగా పళ్ళ వైద్యం. తలుపుకి దారం కట్టి లాగమను."

"అలా అనకే. ఇంట్లో మాట్లాడ్డం మానేశారు."

"మరి హాయిగానే ఉందిగా?"

అత్తయ్య నవ్వు ఆపుకుంది. "హాయిగానే ఉంది. కానీ గోడకేసి చూస్తూ కూర్చుంటారే. చూడలేకపోతున్నాను."

సాయంత్రం ఇంట్లో తల్లి కూడా అందుకుంది. "వాడు వెధవే. కానీ నా తమ్ముడే, చూడు" అంది. డాక్టరమ్మ సరేనంది. జాలిపడి మాత్రం కాదు. అద్దాల డాక్టరు చేసిన పనిని తన చేత్తో గీకి పారెయ్యాలని ఆమెకు అప్పటికే చేతులు దురదపెడుతున్నాయి.

మావయ్య కుర్చీలో వాలి గది చుట్టూ చూశాడు. "కాఫీ మిషను లేదేం?" అన్నాడు. అదే ఆయన క్షమాపణ. ఆమె పాత రెజిన్నంతా తీసేసి, పళ్ళ అచ్చు తీసి, ఏం చెయ్యబోతోందో చెప్పింది. "ముందు మైనంతో మీ పళ్ళ నమూనా కడతాను. ఆ ఆకారం తాత్కాలికంగా మీ పళ్ళ మీద పెట్టి చూస్తాం. మాట సరిపోతే, దాని మీద లైటు దూరేలా అద్దంలాంటి సిలికాన్ అచ్చు చేస్తాను. ఆ అచ్చు పళ్ళకు తొడిగి, పైన చిన్న కన్నంలోంచి రెజిన్ ఎక్కించి లైటు చూపిస్తాను."

"కేకు అచ్చా?"

"కేకయితే పాడైతే తినెయ్యొచ్చు. కదలకండి."

"మందు అదేనా, వాడు పోసిందేనా? మరి మళ్ళీ ఊడదని ఏమిటి?"

"మందుదేం తప్పు లేదు మావయ్యా. పోసిన చెయ్యి తప్పు. ఇంకో సంగతి, రాత్రిళ్ళు పళ్ళకు తొడుగు పెట్టుకుని పడుకోవాలి. లేకపోతే మీ ఆలోచనలు వీటిని కూడా అరగదీస్తాయి."

రంగు దగ్గర మళ్ళీ గొడవ. ఆయనకు అన్నిటికంటే తెల్లది కావాలి. ఆమె రంగుల నమూనాలు ఆయన పక్కపళ్ళ దగ్గర పెట్టి చూసి, లేత పసుపు చాయ ఉన్నది తీసింది. "ఇది పాత గోడ రంగే!" అన్నాడు. "మీదీ పాత ఇల్లే" అంది. నర్సు పక్కకు తిరిగి నవ్వుకుంది.

తాత్కాలిక పళ్ళు పెట్టిన రోజు డాక్టరమ్మ వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది. "ఊఁ, ఇప్పుడు సభ మొదలుపెట్టండి" అంది.

ఆయన మొదట గొణిగాడు. తర్వాత గొంతు దానంతట అదే లేచింది. ఈల చాలావరకు పోయింది. ఆమె తృప్తిగా తల ఊపి, "బాగుంది, ఇక ఖాయం చేద్దాం" అనబోయింది.

"ఆగు" అన్నాడు మావయ్య. కళ్ళు మూసుకున్నాడు. "సమయాన" అన్నాడు. మళ్ళీ "సమయాన" అన్నాడు. తర్వాత "శాంతి", తర్వాత "విషయం", ఒక్కో మాటా నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు. "శ బాగుంది. ష బాగుంది. స దగ్గర ఎడమవైపు గాలి జారుతోందే. నడిమి పన్నుకీ పక్కదానికీ మధ్య, వెనకాల. వెంట్రుకవాసి ఉంటుంది. ఇంకా... 'వ' అన్నప్పుడు కింది పెదవికి కుడిపన్ను ముందు తగులుతోంది. రెండూ ఒకేసారి తగలాలి."

ఆమెకు మొదట కోపమొచ్చింది. చిన్న అద్దం లోపల పెట్టి చూసింది. ఎడమ పన్ను వెనక, ఆయన చెప్పిన చోటే, రెజిన్ సరిగ్గా నిండక సన్నటి గాడి ఉంది. కుడి పన్ను అంచు రవ్వంత పొడుగుంది. అంతవరకు అవి ఆమె కంటికి ఆనలేదు. గాడి నింపింది, అంచు గీకింది. ఆయన మళ్ళీ పలికి చూశాడు. ఇంకాస్త గీకమన్నాడు. ఇంకోసారి పలికాడు. ఇన్నేళ్ళూ ఊరంతా నవ్వుకున్న ఆ స-ల వాక్యాన్ని ఆయన అప్పుడు మామూలు గొంతుతో, చెయ్యి ఊపకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాడు. ఆ అక్షరాలు ఎంత శుభ్రంగా ఉన్నాయో ఆమె మొదటిసారి విన్నది. ఈ మనిషి చెప్పేదంతా చెత్తే, కానీ చెప్పడం మాత్రం చేతనవును, అనుకుంది. ఆ మాట పైకి అనడానికి మనసొప్పలేదు.

బయటి గదిలో కూర్చున్న పేషెంట్లు చప్పట్లు కొట్టారు. వెంటనే మావయ్య చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ఆమె గౌరవం అక్కడితో సగానికి దిగింది.

అసలు పని రోజు ఆయన వెంట అత్తయ్య కూడా వచ్చింది. డాక్టరమ్మ పెదాలను నాలుగువైపులా లాగిపట్టే ప్లాస్టిక్ చట్రం ఆయన నోటికి తగిలించింది. ఉమ్మి లాగే గొట్టం ఒక మూలన పెట్టింది. నీలి లైటు పడకుండా కళ్ళకు నారింజరంగు అద్దాలు పెట్టింది. "మావయ్యా, ఇప్పట్నుంచి నేను చెప్పేదాకా మాటా లేదు, మింగడమూ లేదు. తడి తగిలితే ఏదీ అంటదు" అంది. మావయ్య బొటనవేలు ఎత్తి సరేనన్నాడు.

అత్తయ్య మూలన కూర్చుని కాసేపు చూసింది. పుల్లటి జెల్ రాసి కడగడం, అంటించే ద్రవం పూయడం, పక్కపన్నుకు అతుక్కోకుండా తెల్ల టేపు చుట్టడం. సిలికాన్ అచ్చు తొడిగి, కన్నంలోంచి సిరంజి పెట్టి రెజిన్ ఎక్కించడం. అచ్చులోంచి తేనెచుక్క నిండుతున్నట్టు పన్ను ఆకారం నిండడం. ఆయన నోరు తెరిచి ఉంది, మాట లేదు. అలాంటి దృశ్యం ఆవిడ కాపురంలో ఎప్పుడూ చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. అంచున కాకుండా పూర్తిగా కూర్చుంది.

"ఏవండీ, ఒక మాట చెప్పనా?" అంది.

మావయ్య "ఆఁ" అన్నాడు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మొదలుపెట్టిన ప్రతి మాటా మీరే పూర్తి చేస్తున్నారు. ఒక్కటి కూడా నేను అనుకున్నట్టు పూర్తి చెయ్యలేదు."

నర్సు గొట్టం పట్టుకుని బిగుసుకుపోయింది. డాక్టరమ్మ లైటు పన్ను మీద పెట్టింది.

"మా నాన్న పోయినప్పుడు సంతాప సభలో ఏం చెప్పారు? 'మా మావగారు నా కంఠం విని మురిసిపోయేవారు' అని చెప్పారు. మా నాన్నకి చెవుడండీ. మీరు వచ్చినప్పుడల్లా నవ్వి తల ఊపేవాడు, అంతే."

"ఆఁ... ఊఁ..." అని మావయ్య లేవబోయాడు.

"కదలకండి మావయ్యా, తడి!" అంది డాక్టరమ్మ. ఆ పన్నుకు లైటు సరిపడా చూపించడం అప్పటికే అయిపోయింది. ఇంకోసారి చూపించింది.

"ఊళ్ళో ప్రతివాణ్ణీ పరిచయం చేస్తారు. తలుపు గొళ్ళాలు అమ్మేవాడికి కూడా సేవారత్న అని తగిలిస్తారు. నన్ను ఎప్పుడైనా ఎవరికైనా పరిచయం చేశారా? ప్రతి సభలో ముందు వరసలో కూర్చుంటాను. ఆ మధ్య ఒక సభలో ఇనుము షాపాయన నన్ను పిలిచి, 'మైకు అద్దె ఎవరికివ్వాలమ్మా, మీకేనా?' అని అడిగాడు. మైకు అద్దెకిచ్చే మనిషిననుకున్నాడు. ఇంటికొచ్చి మీకు చెబుదామని నోరు తెరిచాను. మైకు అనగానే మీరు అందుకున్నారు, మంచి మైకు ఎలా ఉండాలో అన్నం తిన్నంతసేపూ చెప్పారు."

ఆవిడ గొంతు పెంచలేదు. ఏడవలేదు. బట్టలు మడతపెడుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుపోయింది. డాక్టరమ్మ మిగతా పళ్ళకు కూడా అచ్చు తొడిగి, నింపి, అంచులు నున్నగా చేసి, నీలం కాగితం కొరికించి చూసింది. పని తొందరగానే అవుతోంది. అయినా ఆమె తొందరపడలేదు. నర్సు కూడా అడగకుండానే ఇంకో దూదిచుట్ట అందించింది.

చట్రం తీశాక గదిలో ముగ్గురు ఆడవాళ్ళూ ఆయన మొదటి మాట కోసం చూశారు. కళ్ళద్దాలు తీస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. "లైటు" అన్నాడు మావయ్య. నాలుకతో పళ్ళు తడుముకున్నాడు. భార్య వైపు తిరిగాడు.

"మీ నాన్నకి చెవుడని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. 'మా నాన్నకి చెవి...' అన్నాను. 'చెవికింపైన కంఠం' అని మీరు పూర్తి చేశారు."

మావయ్య మెట్లు దిగేటప్పుడు చెప్పుల షాపువాడు పలకరించినా తల మాత్రం ఊపి వెళ్ళిపోయాడు.

తర్వాతి సభ కొత్త గ్రంథాలయం ప్రారంభం. డాక్టరమ్మ పళ్ళ కోసం వచ్చింది, మనిషి కోసం కాదు. సాయంసంధ్యా సమయం ఎక్కడా జారకుండా దిగింది. వెనక వరసల కుర్రాళ్ళు ఈలలకు సిద్ధమై నిరాశపడ్డారు. అంతలో మావయ్య గొంతు తగ్గించి, "ఈ రోజు ఒక ముఖ్యమైన వ్యక్తిని పరిచయం చెయ్యాలి. నా సహధర్మచారిణి" అని ముందు వరసలోంచి అత్తయ్యను వేదిక మీదికి పిలిచాడు. డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. మనిషి మారాడే అనుకుంది.

మారలేదు. ఆవిణ్ణి తను మొదట చూసిన రోజు తను వేసుకున్న చొక్కా రంగు దగ్గర మొదలుపెట్టాడు. ఆనాటి తన గొంతు గురించి చెప్పాడు. తనలాంటి కళాకారుడితో కాపురం చెయ్యడానికి ఎంత సహనం కావాలో చెబుతూ, ఆ సహనానికి కారణమైన తన గొప్పతనాన్ని వివరంగా విడమరిచాడు. అత్తయ్య పక్కనే నిలబడి ఉంది. జనం కుర్చీల్లో కదిలారు. గ్రంథాలయం తలుపుకు కట్టిన రిబ్బను గాలికి ఊగుతోంది.

అత్తయ్య చెయ్యి చాచి మైకు తీసుకుంది. ఆయన ఆశ్చర్యంలో వదిలేశాడు.

"నేను ఈయన భార్యని. మైకు అద్దెకివ్వను" అంది. ముందు వరసలో ఇనుము వ్యాపారి తల దించుకున్నాడు. "మీరు చాలాసేపు ఓపిక పట్టారు. లోపల పుస్తకాలున్నాయి, కాఫీలు చల్లారిపోతున్నాయి. లేవండి."

అంత పెద్ద చప్పట్లు మావయ్యకు ఏ సభలోనూ రాలేదు. ఆయన కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా, చుట్టూ చూసి.

కాఫీల దగ్గర ఎవరో, "పళ్ళు బాగున్నాయండీ, ఎక్కడ చేయించారు?" అని అడిగారు. "చేయించడమేమిటి? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇవే" అన్నాడు మావయ్య. ఆ మాట విని డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఇలాంటి పనికి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదని గుర్తొచ్చి ఇంకా మండింది.

ఇప్పుడు గ్రంథాలయంవాళ్ళు చిన్న సభలకు అత్తయ్యనే పిలుస్తున్నారు. ఆవిడ వచ్చినవాళ్ళ పేరు చెప్పి కూర్చుంటుంది. మావయ్య ఇంటికెళ్ళాక ఆ పరిచయంలో లోపాలు చెబుతాడు. ఆవిడ ఆయనకు రాత్రి తొడుగు అందించి, పెట్టుకోమంటుంది. అది పెట్టుకుంటే మాట రాదు.